వేపమండ కట్టిన గుమ్మము

నైఋతి, ఈశాన్య ఋతుపవనములు రెండును పూర్ణముగ అందక, ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానతోనే ప్రాణము నిలుపుకొను అనంతపుర మండలమునందు, ఒక యింటి గుమ్మమునకు వేపమండ కట్టబడెననగా ఆ యింట అమ్మవారు పోసినదని ఊరంతయు గ్రహించెడిది. మశూచి పెద్దమ్మవారు, ఆటలమ్మ చిన్నమ్మవారు, తట్టునకును ఇంచుమించు అదియే మర్యాద. ఆ దినములలో ఆ యింట తాళింపు వేయరాదు, మాంసము వండరాదు. రోగిని వేపాకుల పడకపై పరుండబెట్టి, చల్లని రాగి అంబలి పోయుచు, తలకు నీళ్లు పోయువరకు పరాయివారిని గడప తొక్కనిచ్చెడివారు కారు. ఇంట గర్భవతియైన కోడలున్నవారు ఆ వీధినే మానుకొనెడివారు.

ఈ కట్టుబాటును మూఢాచారమని త్రోసిపుచ్చుట న్యాయము కాదని నా నిశ్చయము. 1800లో నైజాము ఈ సీమను కుంపిణీవారి పరము చేసిన రెండేండ్లకే మశూచి టీకా బొంబాయికి చేరినను, అది పల్లెపల్లెకు ప్రాకుటకు తరములు పట్టెను. అంతదాక వేపమండయే దిక్కు. గర్భిణులను గూర్చిన పల్లెవారి భయమునకు, 1960 దశకమున మద్రాసు అంటువ్యాధుల ఆసుపత్రిలో డాక్టరు ఎ. రామచంద్రరావు ప్రభృతులు చేసిన పరిశీలనలు సాక్ష్యమిచ్చినవి: మశూచి గర్భవతులలో రక్తస్రావరూపము దాల్చి ప్రాణము తీయుట తక్కినవారిలోకంటె మిక్కిలి అధికము.

కాని మరియొక ఆచారము దీనికి ఎదురు నిలిచెను. నెల తప్పిన సంగతి, దృష్టిదోషమునకు వెఱచి, మూడవ మాసము నిండువరకు బయట పెట్టరాదు. కావున కాపాడవలసిన మనిషి ఎవరో కాపాడువారికే తెలియదు. కరవునాట నీరున్న బావి ఊరికొక్కటే. ఒకతె కడవతో దిగుడుబావి మెట్లు దిగునపుడు ఆమె బిడ్డను గట్టుమీది వేఱొకతె చంకనెత్తుకొనును. ఆ బిడ్డకు దద్దురు పుట్టించు మరియొక అంటురోగమగు రుబెల్లా సోకియుండినచో, దద్దురు కనబడుటకు వారము మునుపే అది ఎత్తుకొన్నయామెకు అంటును. కట్టని వేపమండ ఎవరిని హెచ్చరింపగలదు?

1941లో ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్, పుట్టుకతోనే కంటిపొర కమ్మిన 78 మంది శిశువులను పరిశీలించి, వారి తల్లులలో అధికసంఖ్యాకులకు గర్భారంభమున రుబెల్లా సోకెనని వెల్లడించెను. చూపు, వినికిడి, గుండె రూపొందు మొదటి పండ్రెండు వారములే దానికి గుఱి. మనయిండ్లలో మాట దాచుకొను వారములును అవియే.

ఆంధ్రప్రదేశమున తట్టు-రుబెల్లా టీకా ఉద్యమము 2017 ఆగస్టున ఆరంభమయ్యెను. గర్భవతికి ఈ టీకా వేయరాదు. కనుక తొమ్మిది నెలల పసివారు మొదలు పదునైదేండ్లలోపు పిల్లలందఱికిని, రోగమును ఇంటికి తెచ్చువారు తమ్ములైనను కావచ్చును గావున బాలురకు సైతము, దానిని వేసిరి.