ఇంటికి వెల కట్టే రోజు

విడాకుల కేసులో ఇంటికి ధర కట్టించడం అనగానే మనకు గుర్తొచ్చేది టేపు పట్టుకుని గదులు కొలిచే వాల్యుయర్. చదరపు అడుగు ఎంత, పక్క వీధిలో ఇల్లు ఎంతకు పోయింది, కట్టి ఎన్నేళ్లయింది. ఈ లెక్క తేలడం కష్టం కాదు. అసలు కష్టం దానికి ముందుంది. ఆ ఇంట్లో ఇద్దరికీ వాటా ఉందని చట్టం ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ధర ఎంతైనా ఒకరికి మిగిలేది సున్నానే.

ఈ సంగతి నాకు బాగా అర్థమైంది కెనడాలోని మర్డాక్ కేసు చదివాక. ఐరీన్ మర్డాక్‌కి 1943లో పెళ్లయింది. ఆల్బర్టాలో పశువులు పెంచే కుటుంబం. ఆమె గడ్డి కోసింది, ట్రాక్టర్ నడిపింది, పశువులకి టీకాలు వేసింది, ముద్రలు వేసింది. భర్త ఉద్యోగం మీద ఏడాదికి ఐదు నెలలు బయట ఉంటే అక్కడి పనంతా తనే నడిపింది. 1968లో విడిపోయారు. భూమి భర్త పేరున ఉంది. సగం నాదని ఆమె కోర్టుకెళ్లింది.

1973లో కెనడా సుప్రీంకోర్టు కుదరదంది. ఆమె చేసింది అలాంటి ఇళ్లలో ఏ భార్యైనా చేసే పనేనన్న కింది కోర్టు మాట నిలబడింది. భూమి కొన్నప్పుడు ఆమె డబ్బు పెట్టినట్టు రుజువు కాలేదు. ఐదుగురిలో విభేదించింది బోరా లాస్కిన్ ఒక్కరే. ఆమె శ్రమ మామూలు ఇంటిపనిని మించిందనీ, దానికి ఆస్తిలో వాటా దక్కాలనీ ఆయన వాదన.

తీర్పు మీద దేశమంతా గొడవైంది. కొన్నేళ్లలోనే రాష్ట్రాలు చట్టాలు మార్చుకున్నాయి. ఆంటారియో 1978లో ఒకసారి, 1986లో మరోసారి మార్చింది. పిల్లల పెంపకం, ఇంటి నిర్వహణ, సంపాదన, ఇవన్నీ కలిసి ఇద్దరి సమాన భాగస్వామ్యమని 1986 చట్టం రాసుకుంది. లెక్క కట్టేది కోర్టుకెళ్లిన రోజుకి కాదు, విడిపోయిన రోజుకి. అందుకే అక్కడ వాల్యుయర్ ఒక్కోసారి రెండు మూడేళ్ల కిందటి తేదీకి ధర చెప్పాల్సొస్తుంది. కాపురముంటున్న ఇల్లు పెళ్లికి ముందే ఒకరిదైనా, దాని పూర్తి విలువ లెక్కలోకి వస్తుంది. టొరంటో చుట్టూ ఇళ్లు కొనుక్కున్న మన తెలుగు దంపతులకూ ఇవే రూల్స్.

ఇక మన దగ్గర. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇవ్వడంలో ఆంధ్రప్రదేశ్ ముందుంది, 1985 నుంచే. కానీ భార్యగా విడిపోయేటప్పుడు? గోవాని పక్కన పెడితే, కాపురంలో కూడబెట్టిన ఆస్తిని ఇద్దరికీ పంచే చట్టం లేదు. భరణం ఉంది. 2005 గృహహింస చట్టం ఇంట్లో ఉండే హక్కిస్తుంది, ఇంటిమీద హక్కు కాదు. భర్త ఆస్తిలో భార్యకు వాటా ఇచ్చే బిల్లు 2013లో రాజ్యసభ దాటింది, లోక్‌సభ దాటక మురిగిపోయింది.

మా ఐటీ వాళ్ల ఇళ్లలో ఏర్పాటు చూడండి. ఫ్లాట్ ఒకరి పేరున, ఈఎమ్ఐ వాళ్ల జీతంలోంచి. కిరాణా, స్కూలు ఫీజు, పనమ్మాయి జీతం, అత్తగారి మందులు రెండో జీతంలోంచి. ఆ ఖర్చులు ఇంకొకరు మోయబట్టే ఈఎమ్ఐ సాగింది. కానీ గొడవ కోర్టుకెక్కితే ముందు అడిగేది ఫ్లాటుకి డబ్బెవరు కట్టారనే. ఐరీన్ మర్డాక్‌నీ 1973లో అదే అడిగారు. పన్నెండో అంతస్తులో త్రీబీహెచ్‌కే అయినంత మాత్రాన మన ప్రశ్న ఆమె పశువుల కొట్టం దాటి రాలేదు.