కారు ఇంజనుతో గగనయానము

1903వ సంవత్సరమున తమ విమానము ఎగురుటకు సుమారు ఒక సంవత్సరము ముందు, రైటు సోదరులు అమెరికాలోని పలువురు మోటారు ఇంజనుల తయారీదారులకు ఉత్తరములు వ్రాసిరి. వారు కోరినది పెద్ద కోరిక కాదు: 8 అశ్వశక్తుల బలము కలిగి, 180 పౌన్ల బరువునకు మించని ఇంజను ఒకటి. కార్ల ఇంజనులు ఆనాటికే వీధులలో తిరుగుచున్నవి. కాని అంత తేలికయైనదానిని ఇచ్చుటకు ఎవరును ముందుకు రాలేదు. తుదకు వారి సైకిళ్ళ దుకాణములో పనిచేయుచుండిన చార్లీ టేలరు అను మెకానిక్కు, అల్యూమినియముతో పోతపోసిన పెట్టెలో సిలిండర్లను అమర్చి, సుమారు 12 అశ్వశక్తుల ఇంజనును ఆరు వారములలో సిద్ధము చేసెను. ప్రథమ విమానమును లేపినది అదియే.

కారు ఇంజను వేరు, విమానపు ఇంజను వేరు అను మాట నాటినుండి బలపడెను. అది ఒట్టి మాట కాదు. చదునైన బాటపై పోవు కారు తన ఇంజను శక్తిలో కొద్దిపాటి భాగమునే వాడుకొనును. మిట్ట ఎక్కునప్పుడో, మరియొక బండిని దాటునప్పుడో మాత్రమే పూర్తి బలము కావలెను. విమానమునకు అట్లు కాదు. నేల విడుచునపుడు సంపూర్ణశక్తి, పిమ్మట గంటల తరబడి ముప్పాతిక వంతు శక్తి ఎడతెగక కావలసియుండును. పైగా కారు ఇంజను ఆగిపోయినచో దారిప్రక్కన నిలిపి, మూత ఎత్తి చూచుకొనవచ్చును. వేయి అడుగుల ఎత్తున ఆ వెసులుబాటు లేదు. అందువలననే విమానపు ఇంజనులలో ఒక్కొక్క సిలిండరునకు రెండేసి ప్లగ్గులు, వానికి రెండు మాగ్నెటోలు అమర్చెడివారు. కారు ఇంజనునకు ఒక్క ప్లగ్గే.

వీనికంటె పెద్ద చిక్కు ప్రొపెల్లరుతో వచ్చును. ప్రొపెల్లరు పెద్దదిగా ఉండి, నిదానముగా తిరిగిననే గాలిని చక్కగా వెనుకకు నెట్టగలదు. 6 అడుగుల ప్రొపెల్లరు నిమిషమునకు 4000 చుట్లు తిరిగినచో, దాని కొనలు సెకనుకు 1250 అడుగులకు మించిన వేగమున పోవును. అది శబ్దవేగమును కూడ మించిన వేగము. అప్పుడు శక్తిలో చాలభాగము చెవులు చిల్లులు పడు మ్రోతగా వృథాయగును. అదే ప్రొపెల్లరు 1700 చుట్లు తిరిగినచో కొనల వేగము 535 అడుగులు మాత్రమే. కావున వడిగా తిరిగి బలమిచ్చు ఇంజనునకు మధ్యను పళ్ళచక్రములు పెట్టి వేగము తగ్గింపవలెను. ఆ చక్రముల వలన బరువు, ఖర్చు, విరుగుడు భయము మూడును పెరుగును.

ఈ చిక్కును విడదీసినవాడు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున, చెర్రీ గ్రోవ్ అను చిన్న పల్లెలో నివసించిన బెర్నార్డ్ పీటెన్‌పోల్. 1901లో పుట్టినవాడు, యంత్రవిద్యను తనంతట తాను నేర్చుకొన్నవాడు. పాత కారు ఇంజనును విప్పి నీటిపంపునకు బిగించు మన ఊరి మిస్త్రీలను చూచినవారికి ఆయన స్వభావము వేరుగా చెప్పనక్కరలేదు. ఆయన దృష్టి ఫోర్డు కంపెనీ "ఎ" మోడలు కారు ఇంజనుపై పడెను. 1927-31 సంవత్సరముల మధ్య 48 లక్షలకు పైగా తయారైన కారు అది. కావున ఇంజనుగాని, దాని విడిభాగములుగాని ఏ ఊరనైనను దొరకును.

ఆ ఇంజను 3.3 లీటర్ల పెద్ద పొట్టతో, 2200 చుట్లకు 40 అశ్వశక్తులను మాత్రమే ఇచ్చెడిది. కారుల పందెములవారు ఈసడించుకొను ఈ మందగుణమే పీటెన్‌పోల్‌కు వరమైనది. దానిని ఇంకను నిదానముగా త్రిప్పినచో పళ్ళచక్రములతో పనియే లేదు! ఇంజనును వెనుకది ముందునకు త్రిప్పి, ఫ్లైవీలు ఉండవలసిన చోట ప్రొపెల్లరును బిగించెను. జ్వలనమునకు మాగ్నెటోను అమర్చెను. రేడియేటరు మాత్రము ఇంజనుపైన, పైలటు కన్నుల యెదుట, చిన్న గోడవలె నిలిచిపోయెను. అందము మాట అడుగరాదు. 1929లో ఇద్దరు కూర్చుండదగిన ఈ కొయ్యవిమానము, "ఎయిర్ క్యాంపర్", పైకి లేచెను.

దాని ఇంజను బరువు సుమారు 240 పౌన్లు. ఆ కాలముననే ఇంగ్లండులో పేరుపొందిన జిప్సీ విమానపు ఇంజను 285 పౌన్ల బరువుతో దాదాపు 100 అశ్వశక్తుల నిచ్చుచుండెను. ఈ లెక్క తెలిసినవారికి ఫోర్డు ఇంజను హాస్యాస్పదముగా తోచుట సహజము. "మోడరన్ మెకానిక్స్" పత్రిక సంపాదకుడు వెస్టన్ ఫార్మరు, కారు ఇంజను విమానమునకు పనికిరాదని తన పత్రికలో వ్రాసెను. పీటెన్‌పోల్ వాదమునకు దిగలేదు. 1930 ఏప్రిలులో రెండు ఎయిర్ క్యాంపర్లు చెర్రీ గ్రోవ్ నుండి మిన్నియాపొలిస్ దాపున నున్న రాబిన్స్‌డేలునకు ఎగిరివచ్చి, ఆ సంపాదకుని ముందు దిగెను. ఆయనయు పట్టు విడిచి, ఆ విమానపు నమూనా పటములను తానే అచ్చువేసెను. నా దృష్టిలో ఫార్మరు లెక్క తప్పు కాదు. వడిగా, దూరముగా పోవలెనన్నచో ఆ లెక్కయే సరి. గంటకు డెబ్బది మైళ్ళతో తృప్తిపడి, ఇంజను ఆగినను ఏదో యొక పచ్చికబయలున మెల్లగా దిగగలిగినచో చాలుననుకొన్నవానికి మాత్రము అది వర్తించలేదు. "ఎ" మోడలు ఇంజనుకూడ కొనలేని పాఠకుల కొరకు పీటెన్‌పోల్ మరల, అంతకంటె పాతదియు చౌకదియునగు "టి" మోడలు ఇంజనుతో ఒక్కరే కూర్చుండు "స్కై స్కౌట్"ను నిర్మించెను. దాని బలము 20 అశ్వశక్తులే.

ఇంగ్లండులో 1935 ప్రాంతమున, యుద్ధటాంకుల నిర్మాతగా పేరొందిన సర్ జాన్ కార్డెన్, ఫోర్డు టెన్ కారు ఇంజనును తేలికచేసి చిన్న విమానములకు అందించెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే ఆయన ఒక ప్రయాణీకుల విమానము కూలి మరణించెను. యుద్ధానంతరము అందరి దృష్టి జర్మనీ వోక్స్‌వ్యాగన్ ఇంజను వైపు మరలెను. అది గాలితోనే చల్లబడును. రేడియేటరు గోడ అక్కరలేదు. 1959లో ఇంగ్లండు రాణి భర్త ఫిలిప్ ఒంటరిగా నడపిన టర్బ్యులెంట్ విమానమున ఉన్నది ఆ జాతి ఇంజనే.

పీటెన్‌పోల్ ఫోర్డును పట్టుకొని కూర్చుండలేదు. 1960-70 మధ్య షెవ్రొలే కంపెనీ కోర్వేరు కారునందలి ఆరు సిలిండర్ల ఇంజనును తన విమానమునకు బిగించెను. అదియు గాలితో చల్లబడునదే. ఆయన 1984లో మరణించెను. మరి ఇరువది ఏండ్లకు, ఆ కోర్వేరు ఇంజనులలో ఒక రహస్యము బయటపడినది: కొన్ని విమానములలో క్రాంకుషాఫ్టులు పగిలెను. కారులో ఆ షాఫ్టు త్రిప్పుటకే బద్ధమైనది; విమానములో, మలుపు తిరిగినప్పుడెల్ల తిరుగుచున్న ప్రొపెల్లరు దానిని ప్రక్కకు వంపజూచును. అట్టి భారమును దానిని గీసిన ఇంజనీరులు ఊహింపనేలేదు. పిమ్మట షాఫ్టు ఉపరితలమును గట్టిపరచి, ప్రొపెల్లరు వైపున అదనముగా అయిదవ బేరింగును చేర్చుట ఆచారమైనది. ఫోర్డు "ఎ" ఇంజనును నమ్ముకొన్నవారు మాత్రము విస్కాన్సిన్ రాష్ట్రమున బ్రాడ్‌హెడ్ అను ఊర ఏటేట వేసవిలో జరుగు సమావేశములకు, ఆ రేడియేటరు ప్రక్కగా తొంగిచూచుచునే దిగుచువచ్చిరి.