గాడ్జిల్లా: నయా దాస్తాన్, పాత జఖ్మ్

చిన్నప్పుడు గాడ్జిల్లా అంటే పిల్లల తమాషా అనుకునేవాణ్ణి. దాని వెనకున్న హకీకత్ తర్వాత తెలిసింది.

1954 మార్చిలో అమెరికా బికినీ దీవుల్లో హైడ్రోజన్ బాంబు పేల్చింది. ఆ విషపు బూడిద జపాన్ చేపల పడవ 'లక్కీ డ్రాగన్' మీద రాలింది. సెప్టెంబర్‌లో పడవ రేడియో ఆపరేటర్ ఇంతెకాల్ అయ్యాడు. నవంబర్‌లో ఇషిరో హోండా 'గాడ్జిల్లా' వచ్చింది.

పోనుపోను సినిమాల్లో ఖౌఫ్ పోయింది, మృగం పిల్లల దోస్త్ అయింది. 1984లో తోహో కంపెనీ మధ్య సినిమాలన్నీ పక్కనపెట్టి, 1954 కథకే కొనసాగింపు తీసింది. 2016లో 'షిన్ గాడ్జిల్లా' పాత కథలన్నీ వదిలేసి, ఫుకుషిమా చూసిన జమానా కోసం మళ్లీ మొదలుపెట్టింది. 2023 'మైనస్ వన్' యుద్ధంలో బతికిపోయిన సిపాయి పశ్చాత్తాపం చెప్పింది.

నా నజర్‌లో రీబూట్ మతలబ్ ఇదే: మృగం సైజు పెంచితే సరిపోదు. కొత్త నస్ల్ తన జఖ్మ్‌ను అందులో గుర్తుపట్టాలి.