మొదటి తప్పులు ఎవరి మీద జరగాలి?

నేను తమిళంలో చదువుకున్న రైల్వే గుమాస్తాను, డాక్టరును కాను. అయినా ఈ చరిత్ర మన ఇళ్లలో మాట్లాడుకోవలసిందని రాస్తున్నాను.

పెద్దపేగు చివరి భాగం పురీషనాళం. అక్కడి క్యాన్సర్‌ను కోసి తీసినా చాలామందికి మళ్లీ అక్కడే వచ్చేది. 1982లో ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్ సర్జన్ బిల్ హీల్డ్ కారణం చెప్పారు. పేగు చుట్టూ ఉన్న కొవ్వు పొరలో క్యాన్సర్ మిగిలిపోతోంది, ఆ పొరను చిరగకుండా పేగుతోపాటే తీసెయ్యాలి అన్నారు. అలా చేసినచోట తిరిగి రావడం బాగా తగ్గింది.

తరువాత పొట్టమీద చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చేసే ఆపరేషన్ వచ్చింది. కాని నడుము ఎముకల మధ్య ఇరుకులో, అందులోనూ మగవాళ్లలో, పైనుంచి పనిముట్లు అందడం కష్టం. అందుకని మలద్వారం వైపునుంచి వెళ్లే దారి ఆలోచించారు. ముందు పందుల మీద, మృతదేహాల మీద చేసి చూశాక, 2009లో బార్సిలోనాలో ఒక రోగికి చేశారు.

చిక్కు ఇక్కడే. కిందినుంచి చూస్తే సర్జన్‌కు అలవాటైన గుర్తులన్నీ తలకిందులవుతాయి. ఒక్క పొర దారి తప్పితే మగవాళ్లకు మూత్రనాళం తెగవచ్చు. అందుకే బ్రిటన్, నెదర్లాండ్స్‌లలో మృతదేహాల మీద శిక్షణ పెట్టారు. ఫార్మలిన్‌లో ఉంచిన దేహం కట్టెలా బిగుసుకుంటుంది. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో వాల్టర్ థీల్ 1992లో ప్రకటించిన పద్ధతిలో కండ మెత్తగా ఉంటుంది, కీళ్లు వంగుతాయి. అయితే దేహానికి రక్తం కారదు గనుక, రోగుల మీద చేసే మొదటి ఆపరేషన్లకు అనుభవమున్న సర్జన్ పక్కన నిలబడాలి.

నార్వేలో ఈ ఆపరేషన్ చేయించుకున్న 157 మంది లెక్కలు తీస్తే, కొందరికి క్యాన్సర్ తొందరగా, పలుచోట్ల తిరిగి వచ్చిందని తేలింది. 2018 చివర అక్కడ ఆ పద్ధతి ఆపేశారు. లోపం పద్ధతిలోనా, నేర్చుకోవడంలోనా అన్న వాదన ఉంది. ఏదైనా, నష్టపోయింది రోగులే. చెయ్యి తిరగని డ్రైవరుకు ప్యాసింజరు బండి అప్పగించం కదా!

మరి దేహం ఎవరిస్తారు? మద్రాసులో పుట్టిన తెలుగువాడు సీతారాం ఏచూరి 2024లో పోతే, కుటుంబంవారు దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చారు. రాజకీయం పక్కన పెట్టి ఆలోచించండి. మనకు కర్మ, తద్దినం ముఖ్యమే, కాదనను. పురోహితుణ్ణి ఇప్పుడే అడగవచ్చు, పిల్లలకూ ఇప్పుడే చెప్పవచ్చు. ఏడ్చే రోజున వాళ్ల మీద ఆ భారం వెయ్యకూడదు.

మా ఇంట్లో చెప్పాను. పెద్దబ్బాయి సరే అన్నాడు, వాళ్లమ్మ ఇంకా ఒప్పుకోలేదు. మీ ఇళ్లలో ఏమంటారో రాయండి.