అడ్డపొగకి ఏ చట్టం?

మా పలాస, టెక్కలి, ఉద్దానం పల్లెల్లో పుట్టినవాళ్ళకి అడ్డపొగ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టి కాల్చడం. మా మామ్మ చుట్ట నోట్లో ఉండగానే పనీ చేసేది, మమ్మల్నీ తిట్టేది.

1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ కాన్సర్‌లో పిండ్‌బోర్గ్ అనే డేనిష్ డాక్టరూ, మన పరిశోధకులూ కలిసి ఒక పేపరు రాశారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మందిని చూస్తే 43.8 శాతం అడ్డపొగ వాళ్ళే! ఆ వేడికీ, పొగకీ ముందు దెబ్బతినేది అంగిలి. తెల్లమచ్చలు, పుళ్ళు, కొందరికి కాన్సరు.

మరి చట్టాలు? 2003 పొగాకు చట్టం జాబితాలో చుట్ట ఉంది. 2009 మే 31 నుంచి పెట్టెల మీద బొమ్మల హెచ్చరికలూ వచ్చాయి. కానీ సంతలో పొగాకు కొని ఇంట్లో చుట్టుకునేదానికి పెట్టె ఎక్కడిది?

గుట్కా కథ వేరు. అది తినేది కాబట్టి 2006 ఆహార భద్రత చట్టానికి దొరికింది. తిండిలో పొగాకు, నికోటిన్ కలపకూడదని 2011లో నిబంధన వచ్చింది, దాన్ని పట్టుకుని రాష్ట్రాలు నిషేధించాయి. చుట్ట తిండి కాదు, అటూ రాదు.

అలాగని ముసలమ్మల చుట్టలు లాక్కోమనను. పల్లెపల్లెకీ తిరిగి, నోరు చూసి, మాట్లాడి మానిపించే ప్రయత్నం మన జిల్లాలోనే జరిగింది. అలా చెప్పించుకున్నవాళ్ళలో మానినవాళ్ళు ఎక్కువని 1986లో లాన్సెట్‌లో వచ్చింది.

ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ మామ్మని నోరు తెరవమని, టార్చిలైటు వేసి అంగిలి చూడండి. తెల్లమచ్చ కనిపిస్తే డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళండి. మేం ఆ పని చెయ్యలేదు.