చెయ్యెత్తని ప్రశ్నలు

"అర్థమయిందా?" అని మాస్టారు అడగడం, "అయిందండీ" అని క్లాసు క్లాసంతా రాగం తీయడం మనందరం ఎరిగిన ముచ్చటే. అర్థంకానివాళ్ళూ అందులో గొంతు కలుపుతారు. లేచి "నాకు కాలేదండీ" అంటే వెనక బెంచీలో కిసుక్కుమంటారని భయం. ఆడపిల్లలకైతే ఆ భయం మరి రెండు పాళ్ళు ఎక్కువ.

ఇది ఈనాటిది కాదు లెండి. జనకుడి సభలో గార్గి వరసగా ప్రశ్నలు వేసుకుపోతుంటే, ఇంకా అడిగావంటే తల రాలిపోతుందన్నాడు యాజ్ఞవల్క్యుడంతటివాడు! ఆవిడ అప్పటికి ఊరుకుని, తర్వాత మళ్ళీ లేచి, సభలోని బ్రాహ్మణుల అనుమతి పుచ్చుకుని మరీ ఇంకో రెండు అడిగింది. అందరూ గార్గులు కాలేరు కదా! నోరు విప్పనివాళ్ళ ప్రశ్నల సంగతి ఏ ఉపనిషత్తూ రాసిపెట్టలేదు.

వాటిని పోగుచేసే పని మొన్నమొన్ననే ఇంటర్నెట్ నెత్తికెత్తుకుంది. 1990ల రెండో సగంలో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో గ్రెగర్ నొవాక్ అనే ఫిజిక్సు ప్రొఫెసరు, ఆయన తోటివారూ ఓ పద్ధతి పెట్టారు. అక్కడి విద్యార్థుల్లో చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ చదివేవాళ్ళు. క్లాసయ్యాక ఆగి సందేహం అడిగే తీరిక వాళ్ళకెక్కడిది? అందుకని ముందుగానే ఇంటర్నెట్లో కొన్ని ప్రశ్నలిచ్చి, క్లాసుకి కొద్ది గంటల ముందు జవాబులు పంపమనేవారు. ఎక్కడ తడబడుతున్నారో చూసుకుని ఆనాటి పాఠాన్ని దిద్దుకునేవారు. 1999లో దాని మీద పుస్తకం కూడా వేశారు. హార్వర్డులో ఎరిక్ మజూర్ అయితే, చదివినదాంట్లో మీకేది కొరుకుడు పడలేదో చెప్పండని ముందే అడిగేవారు. ఎవరికి కారం పడదో కనుక్కుని పొయ్యి వెలిగించడమన్నమాట. మనం రోజూ చేసే పనే!

ఇక పూజా నాథ్ కథ. పట్నాలో పుట్టి కాన్పూరు ఐ.ఐ.టి.లో కంప్యూటర్ సైన్సు చదివిన అమ్మాయి. అక్కడ ఆడపిల్లలు బహు కొద్దిమంది. మగపిల్లలు గుంపుగా కూచుని లెక్కలు తేల్చుకుంటుంటే, వాళ్ళని అడగడానికి మొహమాటపడి లాబ్‌లో ఒక్కతే కుస్తీ పట్టేది. ఆ ఒంటరితనం ఊరికే పోలేదు. అమెరికా వెళ్ళి, స్టాన్‌ఫర్డులో చదువుతూ 2009లో 'పియాజా' మొదలుపెట్టింది. పియాజా అంటే ఇటలీ భాషలో ఊరి నడుమ చౌకు. విద్యార్థులు అందులో ప్రశ్న రాస్తే తోటివారో టీచరో జవాబిస్తారు. కావాలంటే పేరు దాచుకోవచ్చు. నన్నడిగితే ఆ యంత్రాంగమంతా ఒక ఎత్తు, ఆ పేరు దాచుకునే సదుపాయం ఒక్కటీ ఒక ఎత్తు.

2020లో బడులు మూతపడ్డప్పుడు గూగుల్ ఫారాలు మన ఊళ్ళ టీచర్లకీ అలవాటయ్యాయి. రేపటి పాఠంలో మీ సందేహాలేమిటో ఈ రాత్రికే రాయమంటే బిడియస్తులైన పిల్లలూ రాస్తారు. కాకపోతే ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను. అది అన్నయ్య చేతిలోంచి చెల్లెలి చేతికి ఎన్ని గంటలకి వస్తుందన్నది మాత్రం అమ్మ చూసుకోవలసిన సంగతి.