మగ కుక్కకు ఆపరేషన్ బదులు ఇంజెక్షన్ సరిపోతుందా? వేయించే ముందు ఈ తేడాలు తెలుసుకోండి..

ఇంట్లో పెంచుకునే మగ కుక్కకు సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించాలంటే చాలామంది వెనకాడతారు. మత్తు ఇవ్వాలి, కోత పెట్టాలి, గాయం మానేదాకా నాకకుండా మెడకు కోన్ తగిలించాలి. ముసలి కుక్కలకు, గుండె జబ్బు ఉన్నవాటికి, పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు మత్తు ఇవ్వాలంటే డాక్టర్లు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. మరి కోత లేకుండా ఒక్క ఇంజెక్షన్‌తో పని అయిపోదా?

అలాంటి మార్గాలు ఉన్నాయి. కానీ అన్నీ ఒకటి కాదు. ఒకటి కొన్నాళ్లే పనిచేస్తుంది, ఇంకోటి వేస్తే మళ్లీ వెనక్కి రాదు. ఒకటి మగ హార్మోన్‌ను దాదాపు ఆపేస్తుంది, ఇంకోటి కొంత మాత్రమే తగ్గిస్తుంది. ఈ తేడా తెలియకుండా వేయిస్తేనే చిక్కు.

చర్మం కింద ఇంప్లాంట్

ఇందులో ఎక్కువగా వినిపించే పేరు డెస్లోరెలిన్. యూరప్, ఆస్ట్రేలియాల్లో సుప్రెలోరిన్ పేరుతో వాడుతున్నారు. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దగా ఉండే ఇంప్లాంట్‌ను భుజాల మధ్య చర్మం కిందకు సూదితో పంపిస్తారు. 4.7 మిల్లీగ్రాములది దాదాపు ఆరు నెలలు, 9.4 మిల్లీగ్రాములది దాదాపు ఏడాది పనిచేస్తుంది. వృషణాలను నడిపించే మెదడు సంకేతాలను ఇది ఆపేస్తుంది. దాంతో టెస్టోస్టిరాన్ పడిపోతుంది, వృషణాలు కుంచించుకుపోతాయి.

ఇక్కడే చాలామంది పొరపాటు పడేది. ఇంప్లాంట్ పెట్టిన మొదటి రోజుల్లో హార్మోన్ తగ్గదు, ఉల్టా పెరుగుతుంది. ఆ రోజుల్లో కుక్క మరింత దూకుడుగా ఉండొచ్చు. పిల్లలు పుట్టే అవకాశం పోవడానికి కనీసం ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా హీట్‌లో ఉన్న ఆడకుక్క దగ్గరకు వదిలితే అంతే సంగతులు.

మందు ప్రభావం అయిపోయాక చాలా కుక్కల్లో సంతాన శక్తి తిరిగి వస్తుంది. బ్రీడింగ్ కుక్కలున్నవాళ్లకు ఇది నచ్చేది అందుకే. ఆపరేషన్ చేయిస్తే ప్రవర్తన ఎలా మారుతుందో ముందుగా చూసుకోవడానికి కూడా పనికొస్తుంది. ఒక రకంగా ఇది ట్రయల్ లాంటిది.

జింక్ గ్లూకోనేట్

దీన్ని నేరుగా ఒక్కో వృషణంలోకి ఎక్కిస్తారు. వీర్యకణాలు తయారయ్యే కణజాలం దెబ్బతిని, శాశ్వతంగా సంతానం ఆగిపోతుంది. అమెరికాలో 2003లో న్యూటర్‌సాల్ పేరుతో 3 నుంచి 10 నెలల మగ పిల్లలకు అనుమతి వచ్చింది. 2014లో జ్యూటెరిన్ పేరుతో మళ్లీ మార్కెట్లోకి తెచ్చారు, అదీ నిలిచిపోయింది. లాటిన్ అమెరికా దేశాల్లో ఎస్టెరిల్‌సాల్ పేరుతో ఇదే మందు వాడారు.

జింక్‌తో టెస్టోస్టిరాన్ పూర్తిగా పోదు. అంటే పిల్లలు పుట్టరు కానీ గోడలకు మూత్రం పోయడం, ఇల్లు వదిలి తిరగడం, ఇతర మగ కుక్కలతో కొట్లాట ఆగుతాయన్న గ్యారంటీ లేదు. ఆ అలవాట్లు మాన్పించాలనే ఇంజెక్షన్ వేయిస్తే నిరాశే మిగులుతుంది.

చవకైనదే, కానీ..

కాల్షియం క్లోరైడ్ మీద మన దేశంలోనే పని జరిగింది. పశ్చిమ బెంగాల్ పరిశోధకులు కులదీప్ జానా, ప్రభాత్ కుమార్ సామంత వీధి మగ కుక్కలపై చేసిన ప్రయోగాలను 2007లో ప్రచురించారు. ఆ తర్వాత ఇటలీ పరిశోధకులు ఏడాది పాటు గమనించి, ఆల్కహాల్‌లో కలిపిన 20 శాతం ద్రావణం మెరుగ్గా పనిచేస్తోందని 2014లో తేల్చారు. ఖర్చు చాలా తక్కువ. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మాత్రం దీనికి ఆమోదం ఇవ్వలేదు.

చవక కదా అని ఎవరితో పడితే వాళ్లతో వేయించే మందు కాదిది. జింక్ అయినా, కాల్షియం అయినా డోస్‌ను వృషణం వెడల్పు కొలిచి నిర్ణయిస్తారు. కుక్క కదలకుండా ముందు మత్తు మందు ఇస్తారు. సూది పక్కకు పోయి మందు వృషణాల సంచి చర్మంలోకి కారితే పుండు పడుతుంది, కొన్నిసార్లు చివరికి ఆపరేషనే చేయాల్సి వస్తుంది.

ఇంజెక్షన్ తర్వాత రెండు మూడు రోజులు కాస్త వాపు మామూలే. తిండి మానేసినా, ఆ చోట చర్మం నల్లబడినా, చీము కనిపించినా అదే రోజు పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. కొన్ని వారాల పాటు ఆడకుక్కలకు దూరంగా ఉంచడం ఇక్కడా తప్పనిసరి.

వీధి కుక్కలకు ఇదే వేసేస్తే పోలా?

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు కుక్కల దాడిలో చనిపోయాడు. 2025లో వీధి కుక్కల విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇలాంటప్పుడు చవక ఇంజెక్షన్ ఆశగా కనిపించడం సహజం. కానీ మగవాటికి మాత్రమే వేస్తే లెక్క తగ్గదు. ఆ వీధిలో ఒక్క మగ కుక్క మిగిలినా చాలు, చుట్టుపక్కల ఆడకుక్కలన్నీ ఈనుతాయి. అందుకే ఆడకుక్కలను వదిలేస్తే ఏ పద్ధతీ పనిచేయదు.

2023 ఏబీసీ నిబంధనల ప్రకారం కుక్కను పట్టుకుని సంతాన నియంత్రణ చేసి, రేబిస్ టీకా కూడా వేసి వదలాలి. ఇంజెక్షన్ వేసినా టీకా అవసరం పోదు. పైగా ఇంజెక్షన్ వేసిన కుక్కకు వృషణాలు అలాగే ఉంటాయి కాబట్టి చెవికి గుర్తు పెట్టకపోతే దాన్నే మళ్లీ పట్టుకునే ప్రమాదం ఉంది.

ఆడ, మగ కుక్కలు, పిల్లులు అన్నింటికీ ఒక్క డోస్‌తో శాశ్వతంగా పనిచేసే మందు కనిపెడితే 25 మిలియన్ డాలర్లు ఇస్తామని అమెరికాలో 2008లో మైకెల్సన్ ప్రైజ్ ప్రకటించారు. ఇంతవరకు ఆ బహుమతి ఎవరికీ దక్కలేదు.